బడి మానేసి పెళ్లికి

ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో ఏటా రెండుసార్లు ఒకే తగువు లేస్తుంది. సంక్రాంతికి ముందు ఒకసారి, మాఘమాసం శుభలేఖలు వాట్సాప్‌లో రావడం మొదలయ్యాక ఇంకోసారి. బడికి వెళ్లే చిన్నపిల్లల్ని టర్మ్ మధ్యలో మానిపించి ఊరికి తీసుకెళ్లవచ్చా, కూడదా అన్నదే ఆ తగువు. ఆ దేశంలో ఇది ఇంటి నాలుగు గోడల మధ్య తేలిపోయే సంగతి కాదు. అనుమతి లేకుండా మానిపిస్తే తల్లికీ తండ్రికీ విడివిడిగా జరిమానా పడుతుంది. 2023-24 విద్యా సంవత్సరంలో ఇంగ్లండు మొత్తం మీద ఇలాంటి నోటీసులు 4 లక్షల 87 వేల దాకా వెళ్లాయి. వాటిలో పదింట తొమ్మిది కుటుంబ సెలవుల కోసం బడి మానిపించినందుకు పడ్డవే.

ఈ వాదన నేను చాలా ఇళ్లలో, చాలా గొంతుల్లో విన్నాను. వాటన్నిటినీ చేర్చి ఇక్కడ ఇద్దరి నోట పెడుతున్నాను. అక్క లండన్ శివార్లలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఇయర్ వన్ టీచరు. అంటే ఆమె క్లాసులో ఉండేది ఐదారేళ్ల పిల్లలు. తమ్ముడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతని కొడుకు వేరే బడిలో ఇయర్ వన్ చదువుతున్నాడు. కూతురు రిసెప్షన్‌లో, అంటే ఇయర్ వన్‌కి ముందు క్లాసులో ఉంది, ఇంకా ఐదు నిండలేదు. తెనాలిలో మేనమామ కూతురి పెళ్లి ఫిబ్రవరి మొదటివారంలో ఖాయమైంది. టర్మ్ మధ్యలో బడికి ఇచ్చే హాఫ్-టర్మ్ సెలవులు ఆ తర్వాత గానీ రావు.

తమ్ముడు: అక్కా, టికెట్లు కొనేశాను. శుక్రవారం రాత్రి ఎక్కుతాం, తర్వాతి ఆదివారం సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. పిల్లలకి పోయేది ఐదు రోజుల బడి.

అక్క: ఆ ఐదు దగ్గరే గీత గీశారురా. బడి రోజుని పొద్దున ఒక పూట, మధ్యాహ్నం ఒక పూటగా లెక్కేస్తారు. పది బడి వారాల్లో పది పూటలు అనుమతి లేకుండా పోతే నోటీసు ఇవ్వాలా వద్దా అని చూస్తారు. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండంతా ఇదే లెక్క. 21 రోజుల్లోపు కడితే 80 పౌండ్లు, అది దాటి 28 రోజుల్లోపు అయితే 160. నీకొకటి, మరదలికొకటి.

తమ్ముడు: తెలుసు. పెద్దాడికి మాత్రమేగా? చిన్నదానికి ఐదు నిండాక వచ్చే టర్మ్ నుంచి గానీ బడి తప్పనిసరి కాదు. మా ఇద్దరికీ కలిపి 160 పౌండ్లు. చదివింపుల్లో ఇంకో 160 అనుకుంటాను.

అక్క: ఇదిగో, ఈ మాటే నాకు నచ్చనిది. జరిమానాని కూడా టికెట్ ఖర్చులో కలిపేసుకుంటున్నారు. నీకు 160 పౌండ్లు లెక్కలోకి రావు. నా క్లాసులో ఒక తల్లి రాత్రిపూట ఆఫీసులు శుభ్రం చేసే పని చేస్తుంది. ఆవిడకి అది నెల తిండి. ఇద్దరికీ ఒకే రేటు పెట్టిన జరిమానాలో న్యాయం లేదని నువ్వంటే నేనూ ఒప్పుకుంటాను. కట్టగలను కాబట్టి వెళ్తానంటే మాత్రం ఒప్పుకోను. పైగా మూడేళ్లలో అదే పిల్లవాడికి రెండోసారి నోటీసు వస్తే ముందే కడతానన్నా తగ్గింపు ఉండదు, 160 పౌండ్లే. మూడోసారి నోటీసు ఇవ్వరు. కోర్టుకి వెళ్లొచ్చు. అక్కడ వెయ్యి పౌండ్ల దాకా వేస్తారు.

తమ్ముడు: మనం కొత్తగా వచ్చినప్పుడు ఇలా లేదు కదక్కా. 2013 దాకా హెడ్ టీచర్‌కి ఆ అధికారం ఉండేది. ప్రత్యేక కారణముంటే కుటుంబ సెలవు కింద ఏడాదికి పది బడి రోజుల దాకా ఇవ్వగలిగేవారు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగేవారు. పిల్లాడి హాజరు చూసేవారు, చదువు చూసేవారు, అప్పుడు అవునో కాదో చెప్పేవారు. మైకేల్ గోవ్ విద్యామంత్రిగా ఉండగా ఆ సెప్టెంబరు నుంచి దాన్ని తీసేశారు. ఇప్పుడు అసాధారణ పరిస్థితి అయితే తప్ప ఇవ్వకూడదు. విహారం, వినోదం అసాధారణం కాదని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. సరే, నేను విహారానికి వెళ్తున్నానా? మేనమామ ఇంట్లో మొదటి పెళ్లి.

అక్క: పది రోజులు ఇవ్వగలరు అన్నదాన్ని, పది రోజులు మన హక్కు అని తిప్పేసుకున్నదెవర్రా? తల్లిదండ్రులే. ఏటా సెప్టెంబరులో రాగానే ఆ పది రోజుల్ని క్యాలెండర్లో ముందే గుర్తుపెట్టుకునేవాళ్లు. ఒక హెడ్ టీచర్ ఇస్తే పక్క బడి హెడ్ టీచర్ ఇవ్వరు. అక్కచెల్లెళ్ల పిల్లలు రెండు బళ్లలో ఉంటే ఒకళ్లు వెళ్లేవాళ్లు, ఒకళ్లు మిగిలిపోయేవాళ్లు. ప్రతి తండ్రితోనూ బేరాలాడలేక నలిగిపోయింది హెడ్ టీచర్లే. చట్టం కఠినమయ్యాక వాళ్లలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

తమ్ముడు: బేరం కష్టంగా ఉందని ఆలోచించడమే మానేస్తారా? ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఒక తండ్రి కేసు గుర్తుందా? 2015 ఏప్రిల్‌లో చిన్న కూతుర్ని వారం రోజులు ఫ్లారిడా డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లాడు. జరిమానా కట్టనన్నాడు. ఏడాది మొత్తం చూస్తే పాప హాజరు 90 శాతం పైనే ఉంది కాబట్టి తప్పు లేదని కింది కోర్టు కొట్టేసింది, హైకోర్టు కూడా అతని పక్షమే. సుప్రీంకోర్టు దాకా వెళ్లేసరికి తిరగబడింది. 2017 ఏప్రిల్ 6న లేడీ హేల్ చదివిన తీర్పు ప్రకారం హాజరు శాతం ఎంతున్నా పనికిరాదు. బడి పెట్టిన నియమం ప్రకారం రాకపోతే చాలు, తప్పే. నూటికి తొంభై రోజులు వచ్చిన పిల్లదీ, నూటికి పది రోజులు కూడా రాని పిల్లదీ ఒకే నేరం అయిపోయింది.

అక్క: ఆ తీర్పులో నువ్వు వదిలేసిన భాగం ఒకటుంది. ఒక పిల్లవాడు టర్మ్ మధ్యలో వెళ్తే పాడయ్యేది వాడి చదువు ఒక్కటే కాదని అందులో ఉంది. తమకి వీలైనప్పుడు ఒకరు తీసుకెళ్లగలిగితే అందరూ తీసుకెళ్లగలరు. ఖర్చైనా కష్టమైనా నియమం పాటించే తల్లిదండ్రుల్ని అది అవమానించడమేనని కూడా ఉంది. ఆ పాటించేవాళ్లలో నేనొకదాన్ని. పెళ్లి నీకెంత మేనమామ కూతురిదో నాకూ అంతే. టీచరు టర్మ్ మధ్యలో సెలవు పెట్టడానికి లేదు. మా అబ్బాయి పుట్టాక వాడికి ఒక్క భోగి కూడా ఊళ్లో చూపించలేదు నేను.

తమ్ముడు: అదేనక్కా నేననేది. నీకూ పోయింది, నాకూ పోయింది. అసలు ఈ దేశపు బడి క్యాలెండరుని మన పంచాంగం పక్కన పెట్టి చూశావా ఎప్పుడైనా?

అక్క: చెప్పు.

తమ్ముడు: క్రిస్మస్‌కి రెండు వారాలిస్తారు. మొత్తం ధనుర్మాసంలో పోతుంది. ఒక్క పెళ్లి ఉండదు, గృహప్రవేశం ఉండదు. జనవరి మొదటివారంలో బడి తెరుస్తారు. భోగి వారం తర్వాత వస్తుంది. ఐదేళ్ల లోపు పిల్లలకే కదా భోగిపళ్లు పోసేది! ఆ సాయంత్రం నా కూతురు ఇక్కడ చలికోటు వేసుకుని బడి నుంచి వస్తూ ఉంటుంది. వచ్చే ఏడాదికి ఆ వయసు దాటిపోతుంది. ఎండాకాలం ఆరు వారాలా? జూలై చివర్లో మొదలు. ఆషాఢం కొంత తినేస్తుంది, లేకపోతే చివర్లో భాద్రపదం తగులుతుంది. మధ్యలో శ్రావణం ఒక్కటే దిక్కు. 2023లో శ్రావణమే అధికమాసం వచ్చింది. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా ముహూర్తం అన్నదే లేదు. ఈస్టర్ సెలవులు ఉగాదికి అటో ఇటో పడతాయి, ఒక ఏడు కలిసొస్తే రెండేళ్లు రావు.

అక్క: పెళ్లిళ్లు పక్కన పెట్టు. ఊరికే అమ్మనీ నాన్ననీ చూడ్డానికి ఆగస్టులో వెళ్లొచ్చుగా?

తమ్ముడు: వెళ్తే ఇంట్లో ఎవరుంటారు? అక్కడ జూన్ 12 దగ్గర బళ్లు తెరిచేస్తారు. ఆగస్టులో అన్నయ్య పిల్లలు పొద్దున ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం వస్తారు, వచ్చాక ట్యూషన్. వాళ్ల వేసవి సెలవులు ఏప్రిల్ చివర్నుంచి జూన్ దాకా. మన సెలవులూ వాళ్ల సెలవులూ కలిసేది మే నెలాఖరు హాఫ్-టర్మ్, ఒక్క వారం. సరిగ్గా రోహిణి కార్తె మొదలయ్యే వారం. రోళ్లు పగిలే ఎండలో నాలుగేళ్ల పిల్లని తెనాలి తీసుకెళ్లమంటావా? వాళ్ల దసరా సెలవులకి మనకి బడి, వాళ్ల సంక్రాంతికి మనకి బడి. చట్టం పాటించే ఇంట్లో పెరిగిన పిల్లలకి బావలూ మరదళ్లూ ఫోటోల్లో మనుషులు.

ఈ లెక్క నేనూ పంచాంగం పక్కన పెట్టుకుని సరిచూశాను. తమ్ముడు పెంచి చెప్పలేదు. ఆ దేశపు బడి సెలవులు క్రైస్తవ పండుగల చుట్టూ, పాత రోజుల నుంచి వస్తున్న వేసవి విరామం చుట్టూ అల్లుకున్నవి. అందులో కుట్ర ఏమీ లేదు, ఏ దేశపు క్యాలెండరైనా అంతే. ఎవరి పండుగలు ఆ సెలవుల్లో పడతాయో వాళ్లకి ఈ నియమం ఉన్నట్టే తెలియదు. పడనివాళ్లకి ప్రతి ఏడూ ఎదురొస్తుంది. మత సంబంధమైన పండుగ రోజుకి బడి తప్పనిసరిగా సెలవు ఇవ్వాలని చట్టంలో ఉన్న మాట నిజమే. సాధారణంగా అది ఒక్క రోజు. లండన్‌లో గుడికి వెళ్లడానికి చాలుతుంది, ఊరికి వెళ్లడానికి కాదు. ఈ విషయంలో నేను తమ్ముడి పక్షం.

అక్క: పంచాంగం సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతా. ఈ పెళ్లికి సిద్ధాంతిగారు ఎన్ని ముహూర్తాలు చెప్పారు?

తమ్ముడు: మూడు.

అక్క: అందులో ఫిబ్రవరి రెండోవారం తర్వాతది ఒకటి ఉంది. అత్తయ్య నాకు ఫోన్లో చెప్పింది. హాఫ్-టర్మ్ వారంలో. దాన్నెందుకు కాదన్నారు?

తమ్ముడు: ఫంక్షన్ హాలు దొరకలేదు.

అక్క: చూశావా. హాలు కోసం ముహూర్తం మార్చారు. అబ్బాయికి అమెరికా నుంచి రావడానికి సెలవు దొరకాలని ఇంకోటి వదిలేశారు. వీడియోవాళ్ల డేట్లు కూడా చూసి ఉంటారు. మనవల బడి గురించి ఎవరైనా ఒక్క మాట అడిగారా? నువ్వైనా చెప్పావా? బడి అంటే ఎంతైనా సాగుతుందిలే, చిన్న క్లాసే కదా అని అందరి మనసులోనూ ఉంది. ముహూర్తానికి లొంగని నియమం ఇక్కడి చట్టం ఒక్కటే అన్నట్టు మాట్లాడకు. మనం లొంగదీయాలని చూసేది దీన్నొక్కదాన్నే.

తమ్ముడు: సరే, అది మా పొరపాటే అనుకో. చిన్న క్లాసే కదా అన్నది మాత్రం నేను నిజంగానే అంటాను. పదో తరగతి పిల్లాణ్ని నేను మానిపించను. ఐదేళ్ల పిల్లాడికి ఐదు రోజుల్లో ఏం పోతుంది? మీ లెక్కల్లో బడి మానిన పిల్లలకి మార్కులు తక్కువ వస్తాయంటారు. ఆ పిల్లల్లో రోగంతో మానినవాళ్లున్నారు, ఇల్లు లేక ఊళ్లు మారేవాళ్లున్నారు, ఇంట్లో గొడవలున్నవాళ్లున్నారు. అందర్నీ కలిపి సగటు తీసి నా కొడుక్కి భయం చెప్తే ఎలా?

అక్క: ఒక్క వారం మానితే ఎవడి జీవితమూ పాడవదు. ఆ మాట నేనెప్పుడూ అనలేదు. ఏం పోతుందో అడిగావు కాబట్టి చెప్తాను. తెలుగులో అక్షరం నేర్చుకుంటే ధ్వని వచ్చేసినట్టే. ఇంగ్లీషు అలా కాదు. రెయిన్, ప్లే, కేక్, మూడింట్లోనూ పలికేది ఒకే ధ్వని, రాత మూడు రకాలు. రిసెప్షన్‌లో ఒక్కో ధ్వనికి ఒక్కో రాత చెప్తాం. ఇయర్ వన్‌లో మిగతా రాతలన్నీ వస్తాయి. రోజూ ఇరవై నిమిషాలు, అరగంట. నిన్న చెప్పింది ఇవాళ చదివిస్తాం, ఇవాళ చదివింది రేపు రాయిస్తాం. జూన్‌లో ఒక్కొక్కణ్ని పక్కన కూర్చోబెట్టుకుని నలభై మాటలు చదివిస్తాను. అందులో ఇరవై అర్థం లేని మాటలు, బట్టీ పట్టి చదవడానికి కుదరకుండా. నీ కొడుకు నా క్లాసులోనే ఉన్నాడనుకో. తెనాలి నుంచి సోమవారం వస్తాడు. జెట్‌లాగ్‌తో పదకొండింటికే తూలతాడు. కార్పెట్ మీద అందరూ చేతులెత్తుతుంటే వాడు నా మొహం చూస్తాడు. ఆ రాతలు వాడికి నేర్పకుండా నేను వదలను. మధ్యాహ్నం విడిగా కూర్చోబెట్టుకుంటాను, పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఎవరివో తెలుసా?

తమ్ముడు: చెప్పు.

అక్క: ఇంట్లో ఒక్క పుస్తకం లేని పిల్లవాడు ఒకడున్నాడు. రోజూ వాడికి ఇచ్చే పది నిమిషాలు అవి. నీ కొడుక్కి ఇంట్లో నువ్వున్నావు, వాళ్లమ్మ ఉంది, పడుకునేముందు కథ ఉంది. వాడు వారంలో అందుకుంటాడు, నాకు తెలుసు. అందుకోలేనివాడు వేరే ఉన్నాడు. చిన్న క్లాసుల్లో ఒక టీచరుకి ముప్పైమంది వరకు ఉంటారు, చట్టం పెట్టిన హద్దే అది. నా ముప్పైమందిలో ఈద్‌కి పాకిస్తాన్ వెళ్లేవాళ్లున్నారు, పోలండ్ వెళ్లేవాళ్లున్నారు, చవక టికెట్ కోసం జూన్‌లో స్పెయిన్ వెళ్లే ఇంగ్లీషువాళ్లున్నారు. ఎవరి కారణం వాళ్లకి పెద్దదే. నువ్వు ఒక్క వారం అంటావు. నాకు అది ఏడాది పొడుగునా ప్రతి వారమూ ఎవరో ఒకరు.

తమ్ముడు: ఇది నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు. కానీ అక్కా, బడి ఇచ్చేదాన్ని నువ్వు నిమిషాల్లో చెప్పావు. ఊరు ఇచ్చేదాన్ని నేనెలా చెప్పాలి? పోయినసారి వెళ్లినప్పుడు పెద్దాడు మొదటి మూడు రోజులు నానమ్మకి ఇంగ్లీషులోనే జవాబిచ్చాడు. నాలుగోరోజు అన్నయ్య కొడుకుతో గోళీల దగ్గర గొడవపడ్డాడు. గొడవ తెలుగులో పడ్డాడు! నేను ఇక్కడ ఆదివారం తెలుగు క్లాసుకి రెండేళ్లు తిప్పినా రాని మాటలు. ఎవరు అత్త, ఎవరు పిన్ని, ఎవరు పెద్దమ్మ, ఎవరిని ఆట పట్టించవచ్చు, ఎవరి కాళ్లకి దండం పెట్టాలి, ఇవన్నీ పెళ్లి ఇంట్లో తప్ప ఎక్కడ నేర్పను? పెళ్లిలో వీడికి పని ఉంటుంది. అక్షింతల పళ్లెం పట్టుకుంటాడు, పన్నీరు చల్లుతాడు, ఎవరో వచ్చి నువ్వు ఫలానావాళ్ల మనవడివి కదా అని బుగ్గ పట్టుకుంటారు. తాను ఎవరి మనవడో తెలియడం కూడా చదువే కదా. నాన్నకి డెబ్బై ఎనిమిది. ఎన్ని సెలవులు కుదిరేదాకా ఆగమంటావు?

అక్క: ఆ మాట అనకురా. నేనూ ఆయన కూతుర్నే.

తమ్ముడు: అందుకే అంటున్నాను.

అక్క: నాన్న సంగతి ఎత్తావు కాబట్టి, ఆయన పని చేసిన బడి గుర్తుందా? మిరపకోతలకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు దిగేవి. పిల్లల్ని వెంటబెట్టుకునే వచ్చేవాళ్లు. ఆ నెలల్లో ఆ పిల్లలు అక్కడి రిజిస్టర్లో హాజరు ఉండరు, ఇక్కడి రిజిస్టర్లో పేరే ఉండదు. నాన్న పొలాల వెంట తిరిగి బళ్లో కూర్చోబెట్టేవారు. తిరిగి వెళ్లాక వాళ్లలో ఎంతమంది మళ్లీ చదువుకున్నారో ఆయనకి తెలియలేదు. ఖాళీగా ఉన్న చోటు చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకు. కరోనా తర్వాత ఇక్కడా అదే చూస్తున్నాను. ఏడాదిలో పదో వంతు, అంతకంటే ఎక్కువ బడి పోగొట్టుకునే పిల్లలు కరోనాకి ముందు నూటికి పదకొండుమంది. 2023-24లో నూటికి ఇరవైమంది. బడి ఇష్టమైతే వెళ్లేది, లేకపోతే మానేది అన్న ఆలోచన ఒకసారి ఊళ్లో పడితే అది నీలాంటి ఇంట్లో ఆగదు. ఆసరా లేని ఇంట్లో ఆగుతుంది.

తమ్ముడు: కూలీల పిల్లలకీ నా కొడుక్కీ పోలికేముందక్కా? వాళ్లని చేను లాక్కెళ్లింది, నా కొడుకు పెళ్లికి వెళ్తున్నాడు.

అక్క: రిజిస్టర్లో రెండూ ఒకే గుర్తు.

తమ్ముడు: నా ఫిర్యాదే అది! తేడా చూడగలిగే మనిషి బడిలో ఉన్నారు. నువ్వున్నావు, మీ హెడ్ టీచర్ ఉన్నారు. మా ఇల్లు ఎలాంటిదో, ఆ పుస్తకం లేని పిల్లాడి ఇల్లు ఎలాంటిదో మీకు తెలుసు. తెలిసిన మనిషి చేతిలోంచి నిర్ణయం లాగేసి లండన్‌లో కూర్చున్న శాఖ ఒక్క గీత గీసింది. పక్కనే వేల్స్‌లో ఇప్పటికీ హెడ్ టీచర్‌కి పది రోజుల దాకా ఇచ్చే అధికారం ఉంది. స్కాట్లండులో ఇలాంటి జరిమానాలే లేవు. అక్కడి బళ్లేం కూలిపోలేదు.

అక్క: జర్మనీ సంగతీ చెప్పు మరి. 2018లో బవేరియాలో సెలవులకి ముందు రోజుల్లో పోలీసులు విమానాశ్రయంలోనే బడి వయసు పిల్లలున్న కుటుంబాల్ని ఆపి అడిగారు.

తమ్ముడు: చెప్తాను. అదే జర్మనీలో పదహారు రాష్ట్రాలకి వేసవి సెలవులు వేర్వేరు తేదీల్లో ఇస్తారు, అందరూ ఒకేసారి రోడ్ల మీదా విమానాల్లోనూ పడకుండా. ఫ్రాన్స్‌లో చలికాలం సెలవులకీ వసంతం సెలవులకీ దేశాన్ని మూడు జోన్లు చేశారు. కట్టడి పెట్టినవాళ్లు వెసులుబాటు కూడా చూశారు. ఇక్కడ ఇంచుమించు దేశమంతా ఒకే శుక్రవారం బడి మూసేస్తుంది. ఆ శనివారం హైదరాబాద్ టికెట్ చూడు, వారం ముందున్న రేటుకి చాలాసార్లు రెట్టింపు దగ్గర ఉంటుంది. నలుగురికి లెక్కేసుకో. విమానాల కంపెనీలకి పోయే ఆ డబ్బు ముందు మీ జరిమానా ఎంత? జనం ఏది కట్టడానికి సిద్ధపడతారో ప్రభుత్వానికి తెలియదా?

అక్క: అది నిజమే. అకాడమీ బళ్లకి తేదీలు సొంతంగా పెట్టుకునే వీలుంది, కొన్ని అక్టోబరులో రెండు వారాలు ఇస్తున్నాయి. ఏడాదికి 190 రోజులు బడి జరగాలి, అంతే. ఏ 190 అన్నది దేవుడు రాసింది కాదు. మేం పిల్లలు లేకుండా పని చేసే ఐదు రోజులు వేరే ఉన్నాయి. వాటిని చెదరగొట్టకుండా ఒక్క హాఫ్-టర్మ్ పక్కన కలిపిపెట్టినా రెండు వారాలు వస్తుంది, సముద్రాలు దాటాల్సినవాళ్లకి అది చాలు. దీనికి చట్టం మారక్కర్లేదు. తల్లిదండ్రులు బడి గవర్నర్లని అడగాలి. నువ్వు గవర్నర్ల మీటింగ్‌కి ఎప్పుడైనా వెళ్లావా?

తమ్ముడు: లేదు.

అక్క: గవర్నర్లలో కొందర్ని తల్లిదండ్రుల నుంచే ఎన్నుకుంటారు, తెలుగువాళ్లని నేను ఇంతవరకు ఆ కుర్చీలో చూడలేదు. అక్కడ అడగాల్సింది అడగకుండా సోమవారం పొద్దున ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరం అని చెప్తారు.

తమ్ముడు: నేనలా చెప్పను.

అక్క: చెప్పేవాళ్లు నాకు తెలుసు. పోయిన ఏడాది ఒక పాప వారం రోజులు వాంతులు, విరేచనాలు అని రాలేదు. తిరిగొచ్చిన రోజున మోచేతుల దాకా గోరింటాకు. కార్పెట్ మీద కూర్చోగానే చేతులు వెనక్కి దాచుకుంది. ఐదేళ్ల పిల్లరా! ఏనుగుని చూసుంటుంది, మేళం విని ఉంటుంది, ఎన్ని కబుర్లు ఉంటాయి దాని కడుపులో! పిల్లలందరూ సెలవుల కబుర్లు చెప్తుంటే అది పెదవి కదపలేదు. నన్ను చూసినప్పుడల్లా భయం. దానికి ఇష్టమైన టీచర్ని నేను, నా దగ్గరే అబద్ధం ఆడాల్సిన పని ఇంట్లోవాళ్లు దాని నెత్తిన పెట్టారు. ఐదు రోజుల ధ్వనులూ రాతలూ నేను నేర్పుకుంటాను. దీన్నేం చేయను? ఎక్కడికి వెళ్లావమ్మా అని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. అడిగితే దాన్ని ఇంకా ఇరికించినట్టు.

అక్క చెప్పిన ఈ పాపని నేను ఏ ఒక్క ఇంట్లోనో చూడలేదు, ఇలాంటి పిల్లల సంగతి చాలామంది టీచర్ల నోట విన్నాను. చట్టం మొండిదైతే మనుషులు అడ్డదారి వెతుకుతారన్నది తెలిసిందే. ఆ అడ్డదారిలో పిల్లల్ని నడిపించే హక్కు మాత్రం తల్లిదండ్రులకి లేదని నా గట్టి నమ్మకం. తాత ఇంటికి వెళ్లొచ్చిన ఆనందాన్ని బడిలో దాచుకోవాల్సి వస్తే, ఏ లోకాలని కలపాలని వెళ్లారో ఆ రెంటినీ విడదీసినట్టే. జరిమానా పడనివ్వండి, నిజం చెప్పి వెళ్లండి.

తమ్ముడు: నన్నేం చేయమంటావు మరి?

అక్క: హెడ్ టీచర్‌కి లెటర్ రాయి. ఇవాళే. పెళ్లి ఎవరిది, నువ్వు వాళ్లకేమవుతావు, ఏ రోజు ఏం జరుగుతుంది, అన్నీ రాయి. శుభలేఖ జత చెయ్యి. చిన్న పట్టిక వేసి ఇక్కడి సెలవులూ అక్కడి సెలవులూ మే నెలాఖరు వారంలో తప్ప ఎక్కడా కలవవని చూపించు, ఇందాక నాకు చెప్పినట్టు. ఆ లెక్క ఏ హెడ్ టీచర్‌కీ ఎవరూ చెప్పి ఉండరు. దగ్గరివాళ్ల పెళ్లికి ఒకటి రెండు రోజులు ఇచ్చేవాళ్లు ఉన్నారు. రెండు ఇచ్చారనుకో, మిగిలేది ఆరు పూటలు. గీత దాకా రాదు.

తమ్ముడు: ఇవ్వకపోతే?

అక్క: నోటీసు వస్తుంది, కట్టు. అసలు టికెట్లు కొన్నాక అడుగుతున్నావు, ఆ సంగతి కూడా దాచకుండా రాయి. ఆ వారం చెప్పబోయే రాతలేమిటో వాడి టీచర్ని అడిగి కాగితం తెచ్చుకో, విమానంలో తొమ్మిది గంటలు ఖాళీగా ఉంటారు. తిరిగొచ్చాక వాణ్ని క్లాసులో పెళ్లి గురించి చెప్పనివ్వమని కూడా అడుగు. ఆ కొబ్బరిబొండాం, ఆ అక్షింతలు, ఫోటోలు పట్టుకెళ్లనియ్యి. ముప్పైమందికీ ఒక పాఠం అవుతుంది. ఇంకొకటి. ప్రయాణం పొడిగించి అక్కడే ఉండిపోదాం అని మాత్రం అనుకోకు. అనుమతి లేకుండా వరసగా 20 బడి రోజులు పోతే, విచారించాక పిల్లాడి పేరే తీసేసే వీలుంది. సీటు పోతే మళ్లీ ఆ బడిలో దొరక్కపోవచ్చు.

తమ్ముడు: అంత పని చేయన్లే. కానీ నేను రాసే లెటర్లో ఇంకో మాట కూడా రాస్తాను. వేల్స్‌లో ఉన్న అధికారం ఇక్కడి హెడ్ టీచర్‌కి ఎందుకుండకూడదని. మన ఎంపీకీ ఒక కాపీ పంపిస్తాను.

అక్క: పంపు. ఆ మాట మీద నేనూ సంతకం పెడతాను. హక్కుగా కాదు, అడిగితే ఆలోచించి ఇచ్చేదిగా ఉండాలని రాయి. బడి ఐదు రోజులు వదులుకోమని అడుగుతున్నామని ఒప్పుకుని రాయి. పెద్దాడి విషయంలో నాకిప్పటికీ మనసొప్పట్లేదు, ఆ సంగతి నీకు తెలియాలి. చిన్నదానికి ఐదు నిండలేదు, దాన్ని నిక్షేపంగా తీసుకెళ్లు.

తమ్ముడు: పెద్దాణ్ని నీ దగ్గర వదిలేసి వెళ్లనా?

అక్క: వదిలెయ్.

తమ్ముడు: వాడేమంటాడో అడుగుదామా?

అక్క: వద్దులే. వాడు ఏమంటాడో నాకు తెలుసు.

తమ్ముడు: మరి నీ సంగతేమిటి? పెళ్లి శుక్రవారం రాత్రి. నువ్వు గురువారం సాయంత్రం బడి అయ్యాక ఎక్కితే శుక్రవారం మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో దిగుతావు. కారు పెడతాను, తలంబ్రాల వేళకి తెనాలిలో ఉంటావు. ఆదివారం తిరుగు ప్రయాణం. నీకు పోయేది ఒక్క రోజు. జీతం లేకుండా ఆ ఒక్క రోజు ఇమ్మని మీ హెడ్ టీచర్ని అడిగావా?

అక్క: అడగలేదు. టీచర్లం మేమే అడిగితే తల్లిదండ్రులకి ఏ మొహం పెట్టుకుని చెప్తాం?

తమ్ముడు: నాకు రాయమన్న లెటరే కదక్కా. నిజం రాసి, ఇస్తే వెళ్లడం, లేకపోతే మానడం.

అక్క: ఆ ఒక్క రోజుకి నా క్లాసుకి ఇంకొకళ్లని వెతకాలి. నువ్వు కోల్పోయేది ఒక పిల్లాడి బడి, నేను అడిగేది ముప్పైమంది రోజు.

తమ్ముడు: అది హెడ్ టీచర్ చూసుకుంటారు. ఆలోచించి చెప్పే మనిషి ఉండాలని ఇందాక నువ్వే అన్నావు.

అక్క: సరే, అడుగుతాను. రేపు పొద్దున పిల్లలు రాకముందే అడుగుతాను. నువ్వు మాత్రం ఈ రాత్రే రాసి పంపించు, పంపేముందు ఒకసారి నాకు చదివి వినిపించు.